గట్టుకు అటు ఒకలా, ఇటు ఒకలా: మా పొలం మట్టి ఎందుకిలా అయింది?

కొండపి_కుర్రాడు
అందరికీ నమస్కారం. కొండపి దగ్గర మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. 2011లో నాన్నకు మోకాళ్లు చెడి సేద్యం వదిలేశారు. అప్పటినుంచీ కౌలుకే ఇస్తున్నాం, నలుగురు చేతులు మారింది. నేను ఇప్పుడు ఇంటినుంచే ఉద్యోగం చేస్తూ ఊళ్లో ఉంటున్నా కాబట్టి మొన్న వేసవిలో ఉబుసుపోక మట్టి పరీక్ష చేయించా. గట్టు అవతల పెదనాన్న పొలం, తాతగారు పంచకముందు రెండూ ఒకటే చెక్క. అదే రేగడి, అదే వాన. సరే చూద్దామని ఆయన పొలం మట్టి కూడా ఓ సంచిలో పట్టుకెళ్లా.

మాదాంట్లో సేంద్రియ కర్బనం (పెంట, ఆకు కుళ్లి నేలలో చేరే సారం) 0.28 శాతం, ఆయనదాంట్లో 0.61. పీహెచ్ రెండిటికీ 8.2 దగ్గరే. జింకు మాకు తక్కువ, ఆయనకు సరిపోయింది. విచిత్రం ఏంటంటే భాస్వరం మాత్రం మాకే ఎక్కువ. పెదనాన్నను అడిగితే "నాది నేను చేసుకున్నా, మీది ఎవరెవరో చేశారు" అని ఒక్క ముక్క చెప్పి బీడీ వెలిగించుకున్నాడు. నిజంగా అంతేనా, లేక నేను మట్టి తీయడంలోనే తప్పు చేశానా?

రేగడి_మామ
ముందు మట్టి ఎలా తీశావో చెప్పు అబ్బాయ్. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట తీయకూడదు. పైన చెత్త గీకేసి, అరడుగు లోతు దాకా, అంటే 15 సెంటీమీటర్లు, గుంట తీసి అంచు వెంబడి పలుచగా చెక్కాలి. పొలమంతా ఎనిమిది పది చోట్ల అలా తీసి కలిపి అందులో అరకిలో పట్టుకెళ్లాలి.

కొండపి_కుర్రాడు
అచ్చం అలాగే తీశా మామా, వీడియో చూసి. రెండు పొలాల్లోనూ పది పది చోట్ల.

రేగడి_మామ
అయితే నీ అంకెలు నమ్మొచ్చు. కర్బనం అర శాతం లోపుంటే తక్కువ, ముప్పావు దాకా మధ్యస్థం అంటారు. అంటే మీ పెదనాన్నది కూడా గొప్పేం కాదు, బతికుంది అంతే.

నా చిన్నతనంలో మా ఇంట్లో రెండు జతల ఒంగోలు ఎడ్లు, నాలుగు గేదెలు ఉండేవి. పెంటదిబ్బ ఎంత ఎత్తుందో చూసి పిల్లనిచ్చేవాళ్లని మా అమ్మ చెప్పేది, అది కొంత వేళాకోళమే అనుకో. ఎండ ముదిరితే బండ్లకు బండ్లు పొలానికి తోలేవాళ్లం. ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి, కూలీ దొరక్క గేదెలు పోయాయి. ఒంగోలు జాతిని చూడాలంటే ఇప్పుడు చదలవాడ ఫారానికి పోవాలి, లేదా సంక్రాంతికి బండలాగుడు పందేలకు పోవాలి. బ్రెజిల్ వాడు మన గిత్తల్ని పట్టుకెళ్లి మందలు మందలు చేసుకున్నాడు, దానికి వాడు పెట్టుకున్న పేరు కూడా నెలోరే. మనకేమో ఇక్కడ పెంట కొనాల్సి వస్తోంది.

భాస్వరం సంగతి చెప్తా. అది డీఏపీ ఎరువు మహిమ. నత్రజనిలాగా నీళ్లలో కొట్టుకుపోదు, నేలలోనే కూర్చుంటుంది. ఏటా ఎకరాకు రెండు కట్టలు గుద్దుకుంటూ పోతే పేరుకుంటుంది, పేరుకున్నది మొక్కకు జింకు అందనీదు. నీ కాగితంలో ఉన్నది అదే.

పొదిలి_కౌలు
సార్, నేను కౌలుదారుణ్ణే. మీ నలుగురిలో నేను లేను, కంగారు పడొద్దు. కానీ "ఎవరెవరో చేశారు" అనే మాట చదివి ఊరుకోలేక రాస్తున్నా.

ఉగాదికి కౌలు మాట్లాడుకుంటాం, సగం డబ్బు అప్పుడే కట్టాలి, మళ్లీ ఉగాదికి ఆ పొలం నాకిస్తారో ఇంకో వెయ్యి ఎక్కువిచ్చినోడికిస్తారో ఆ ఆసామికే తెలీదు, అలాంటప్పుడు ట్రక్కు మూడు వేలు పెట్టి ఎకరాకు ఆరేడు ట్రక్కుల పశువుల ఎరువు నేను తోలితే దాని బలం మూడేళ్లుంటుంది, మొదటేడు నేను తింటా, మిగతా రెండేళ్లు ఎవడు తింటాడు చెప్పండి. డీఏపీ అయితే ఈ ఏడు వేస్తే ఈ ఏడే కనపడుద్ది. నాకున్నది ఈ ఏడే.

ఇంకోటి చెప్తా. ఆరేళ్ల కింద ఒకాయన మూడెకరాల్లో చెరువు మట్టి తోలా, సొంత డబ్బు, ఎకరాకు ముప్పై ట్రక్కులు. శనగ బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన వచ్చి చూసి చాలా సంతోషపడ్డాడు, సంతోషపడి మరుసటేడు కౌలు పెంచాడు. నేను బాగుచేసిన నేలకు నేనే ఎక్కువ కట్టాలి. అప్పుడు వదిలేశా మట్టి తోలడం.

ఎరువుల కొట్టు సంగతి కూడా చెప్పాలి. మాకు బ్యాంకు అప్పు రాదు కాబట్టి కొట్టు బాకీ మీదే బతుకు. బాకీ ఉన్నోడు "నాకు జింకు సల్ఫేటే కావాలి, ఇది వద్దు" అని అనగలడా? యూరియా కావాలంటే దాంతోపాటు ఏదో డబ్బా అంటగడతారు, తెచ్చుకుంటాం, చల్లుతాం. పొలంలో ఏం వెయ్యాలో నేను అనుకునేది తక్కువ సార్, కొట్టాయన అనుకునేదే ఎక్కువ.

కొండపి_కుర్రాడు
అన్నా, తప్పుగా అనుకోవద్దు, పెదనాన్న మాట ఉన్నదున్నట్టు రాశా అంతే. కౌలు పెంచిన సంగతి చదివాక నాకు గట్టిగా తగిలింది. 2017లో మేం కూడా పెంచాం. ఆ ఏడు అప్పటి కౌలుదారు నిజంగానే పచ్చిరొట్ట ఎరువుకని జనుము వేసి దున్నాడని నాన్న ఇప్పుడు చెప్తున్నారు.

లెక్కల_మాస్టారు
కొంచెం ఆగండి. రెండు సంచుల మట్టితో సామాజిక శాస్త్రం రాసేస్తున్నారు. మన ఎండలకు కర్బనం నేలలో నిలవదు, ఇది ఒంగోలు, ఊటీ కాదు. సొంత సేద్యం చేసుకునేవాళ్లు నేలను ముద్దుపెట్టుకుని చూసుకుంటున్నారా? మా ఊళ్లో సొంతదార్లే పదేళ్లుగా పొగాకు మీద పొగాకు వేసి, దాని వేరు పీల్చే పొగాకు మల్లె కలుపుతో చస్తున్నారు. దానికి కౌలు కారణమా?

రేగడి_మామ
మాస్టారూ, ఎండ గట్టుకు అటూ ఇటూ ఒకటే కదా. కుర్రాడి ప్రశ్నే అది.

పొగాకు సంగతి మీరన్నది నిజమే, కానీ అదెందుకు? బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) కట్టిన డబ్బు ఉంది, బ్యారన్‌కు లైసెన్సు ఉంది, పొగాకు బోర్డు ఇంత అని పరిమితి ఇస్తుంది, వేలం కేంద్రం ఉంది, పేరున్న పంటకు బ్యాంకు అప్పిస్తుంది. సజ్జకో వరిగకో ఇవేవీ లేవు. కొనేవాడు ఎక్కడుంటే నాగలి అటే పోతుంది. 2000లో పొగాకుకు పంట విరామం ప్రకటించినప్పుడు మా వాళ్లు ఏడ్చారు గానీ, ఆ ఏడాది పెసర, మినుము పడ్డ చేలల్లో తర్వాతి పంట ఎలా వచ్చిందో నేను కళ్లారా చూశా. ఆ తర్వాత శనగ ఊపొచ్చింది, జేజీ 11 రకం వచ్చాక నల్లరేగడంతా శనగే. అది నేలకు మంచిదే, గాలిలో నత్రజని పట్టి వేరులో పెడుతుంది. కానీ రేటు రాగానే కౌళ్లు ఎగిరాయి, రేటు పడ్డాక కోల్డ్ స్టోరేజీల్లో మూలిగాయి కాబూలీ శనగ బస్తాలు. కౌలు మాత్రం దిగలేదు. దిగని కౌలు కట్టాలంటే ఖరీదైన పంటే వెయ్యాలి, అంటే మళ్లీ పొగాకు. 2024లో రేట్లు చూసి అందరూ ఎగబడ్డారు, 2025లో బర్లీ రకం పొగాకు కొనేవాడు లేక ప్రభుత్వం దిగి కొనాల్సి వచ్చింది. ఈ ఊగిసలాటలో నేలకు ఊపిరెక్కడ తిరుగుతుంది?

కోవూరు_మాగాణి
నెల్లూరు వైపు కథ వేరుగా ఉంటుంది. మాకు సోమశిల నీళ్లు, పెన్నా ఒండ్రు, మీ అంత కరువు లేదు. అయినా మా నేల కూడా అలిసిపోయింది. నీళ్లుంటే మొదటి పంట, వెంటనే ఎడగారు, అంటే రెండో పంట. రెంటికీ కలిపి కౌలు పుట్ల లెక్కన మాట్లాడుకుంటారు (తెలియనివాళ్లకు: మా పుట్టి 850 కిలోలు). ఇక పచ్చిరొట్టకు జీలుగ చల్లి నలభై ఐదు రోజులు ఆగి కలియదున్నే తీరికేది? ఆ నలభై ఐదు రోజులకూ కౌలు పడుతుంది మరి.

ఇంకో సంగతి, కోత మిషన్. కూలీలు దొరకడం లేదు, దొరికినా గిట్టదు, మిషన్ పెడతాం. మిషన్ గడ్డిని పొలమంతా చిమ్ముతుంది. ఏరుకోవడానికి గేదెలు లేవు, చుట్టలు కట్టే మిషన్ అందరికీ అందదు, ఎడగారుకు నీళ్లు వదిలే తేదీ దగ్గర పడుతుంటుంది. అగ్గిపుల్ల గీస్తాం. తప్పని తెలుసు. మా నాన్న కాలంలో గడ్డివాము తగలబడితే ఊరంతా బిందెలు పట్టుకుని పరిగెత్తేది, ఇప్పుడు మేమే తగలబెట్టి ఫోన్ చూసుకుంటూ నిలబడుతున్నాం.

ఇందుకూరుపేట_గాలి
మాది ఇంకా దారుణం. 1993లో రొయ్యల కోసం మా నాలుగెకరాలు లీజుకడిగారు. వరికొచ్చే కౌలుకు ఎన్నో రెట్లు. నాన్న మొదట వద్దన్నారు. పక్కాయన ఇచ్చాడు, ఆ చెరువులో ఉప్పునీళ్లు పెట్టగానే మా మడి అంచున నారు ఎర్రబారడం మొదలైంది. రెండో ఏడు మేమూ ఇచ్చేశాం. ఇవ్వక ఏం చేస్తాం? పక్కవాడు చెరువు తవ్వితే మన పొలం మీద నిర్ణయం మన చేతిలో లేనట్టే. 1994లో తెల్లమచ్చ రోగమొచ్చి లీజుదారు రాత్రికి రాత్రి మోటార్లు పీక్కుని పోయాడు. రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది, 2005లో చట్టం వచ్చింది, 2009 తర్వాత వెనామీ రకం రొయ్య వచ్చి మళ్లీ చెరువులు నిండాయి. మా చెరువు మాత్రం గట్లు తెగి అలాగే పడి ఉంది. ఎంత జిప్సం పోసినా వరి రావడం లేదు.

మట్టి_పిచ్చి
అన్నా, జిప్సం దేనికి పోశారు? చౌడు రెండు రకాలు. పాలచౌడు అంటే మామూలు ఉప్పు, పైన తెల్లగా పొడి తేలుతుంది, ఈసీ (ఉప్పు కొలత) 4 దాటుతుంది, పీహెచ్ 8.5 లోపే ఉంటుంది. దానికి మంచినీళ్లు నిలబెట్టి, కాలువ ద్వారా బయటికి పంపి కడగాలి, జిప్సంతో పని లేదు. కారుచౌడు అంటే సోడియం పట్టిన నేల, పీహెచ్ 8.5 దాటుతుంది, తడిస్తే జారుడు, ఎండితే రాయి. జిప్సం దానికి, అదీ వేశాక నీళ్లు పెట్టి తీసేస్తేనే. రొయ్యల చెరువు నేలకు ముందు పరీక్ష చేయించకుండా బస్తాలు పోస్తే డబ్బు దండగ. మురుగు పోయే దారి లేకపోతే ఏదీ పనిచేయదు, ఆ మురుగు కాలువ ఊరందరిదీ కదా, ఒక్కరు తవ్వుకునేది కాదు.

పరీక్షలంటే గుర్తొచ్చింది. 2015లో సాయిల్ హెల్త్ కార్డులు మొదలైనప్పుడు 12 అంశాలు చూసి ఇస్తారన్నారు, మంచి పనే. కానీ నమూనా తీసేది మెట్టలో 10 హెక్టార్లకు ఒకటి, నీటి పారుదల ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. కుర్రాడి పొలం, పెదనాన్న పొలం రెండూ ఒకే గడిలో పడితే ఇద్దరికీ ఒకే కార్డు వచ్చేది, ఈ చర్చే పుట్టేది కాదు. కార్డు కూడా పట్టా పేరు మీద ఇస్తారు. నాటేది ఒకరు, కార్డు బీరువాలో పెట్టుకునేది ఇంకొకరు.

యూరియా ధరైతే కదలదు, 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలు. 2010 నుంచి మిగతా ఎరువులకు సబ్సిడీ పద్ధతి మార్చారు, వాటి రేట్లు ఎక్కడికో పోయాయి, యూరియాను ముట్టుకోలేదు. డీఏపీ కట్ట 1350. పొటాషు పేరెత్తేవాడే లేడు. జేబులో ఉన్న డబ్బును బట్టే కదా ఎవరైనా వేసేది.

లెక్కల_మాస్టారు
ఈ పోస్టు నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నా, ధరల సంగతి నేను ఆలోచించలేదు.

డీకేటీ_పట్టా
అందరూ నేల ఎలా చెడిందో మాట్లాడుతున్నారు. చెడిన నేల ఎవరికిచ్చారో కూడా మాట్లాడండి. మా తాతకు కనిగిరి పక్క డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చే భూమి) ఇచ్చారు, ఎకరం డెబ్బై సెంట్లు. ఊళ్లో మంచి రేగడంతా ఎప్పుడో పంచుకున్నారు, మిగిలిన గులకరాళ్ల గట్టు మాకొచ్చింది. పల్లెలో సగం పట్టాలు చౌట్లోనో గుట్ట మీదో ఉంటాయి. ఎవరో పెద్ద చదువుకున్నాయన వచ్చి "చిన్నరైతుల పొలాల్లో భూసారం తక్కువ, అవగాహన లేదు" అంటే మా నాన్న నవ్వాడు. రాళ్లు ఏరి ఏరి గట్టు పేర్చింది ఆయనే. 1977 చట్టం ప్రకారం 2023 దాకా అమ్ముకోకూడదు, అది మా మంచికే అయింది, లేకపోతే ఆ ఎకరం కూడా ఉండేది కాదు. కానీ ఆ నేలను బాగు చేసుకోవడానికి అప్పు ఇచ్చేవాడు లేడు. బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. ఇంట్లో ఇద్దరు హైదరాబాదులో బేల్దారి పనికి పోయి పంపే డబ్బుతో ఉపాధి హామీలో మొదలైన కట్ట పని పూర్తి చేశాం. ఇప్పుడు కందికి పనికొస్తోంది.

పొదిలి_కౌలు
ఇది చదివాక నా బాధ చిన్నదనిపించింది తమ్ముడూ.

సంఘం_అక్క
నాది ఉదయగిరి వైపు. మా సంఘంలో పదకొండు మందిమి ప్రకృతి సేద్యం చేస్తున్నాం, 2016లో రాష్ట్రంలో మొదలయ్యాక రెండేళ్లకు మేం చేరాం. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం నేర్పారు. రెండు మూడు వానలకే పొలం పచ్చబడుతుంది, ఎండ నేరుగా మట్టికి తగలదు. వానపాములు వచ్చాయి, నా కళ్లతో చూశా. దిగుబడి మొదటి రెండేళ్లు తగ్గిందని కూడా చెప్పాలి, అబద్ధం ఎందుకు.

కానీ ఒక లెక్క ఎవరూ వెయ్యరు. జీవామృతం కలిపేది ఎవరు? పేడ ఎత్తేది, పశువుల మూత్రం పట్టేది, డ్రమ్ము రోజుకు రెండుసార్లు కలిపేది మేమే. మగవాళ్లు యూరియా కట్ట బండి మీద వేసుకొచ్చి అరగంటలో చల్లి వస్తారు. ఆ అరగంటకూ మా మూడు రోజులకూ ఒకటే కూలి అంటే ఎవరు చేస్తారు? మా పదకొండు మందిలో కౌలు పొలంలో చేసేది ఒక్కతే, అది కూడా వాళ్ల అన్న పొలం కాబట్టి. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు దూబగుంటలో మొదలుపెట్టి సారా మాన్పించారు, పెంటదిబ్బలు తిరిగి పెట్టించలేరా అని మీటింగుల్లో ఉపన్యాసం చెప్తుంటారు. పెట్టిస్తాం, పొలం కాగితం మీద మా పేరు కూడా రాయండి.

సుబాబుల్_బాబు
నేను కుర్రాడి లాంటివాణ్ణే, కాకపోతే దుబాయ్‌లో ఉంటా. కౌలుకిస్తే హక్కు అడుగుతారేమో అని నాన్నకు భయం. 2019 కౌలు చట్టంలో కౌలు కార్డు 11 నెలలకే అని, దాంతో భూమి మీద హక్కేమీ రాదని చెప్పినా సంతకం పెట్టలేదు. సుబాబుల్ వేసేశాం. మనిషి అక్కర్లేదు, మూడు నాలుగేళ్లకు కొట్టి పేపరు మిల్లుకు పంపొచ్చు. నేలకు మంచిదే కదా, ఆకు రాలుతుంది?

మట్టి_పిచ్చి
సుబాబుల్ అయితే పర్లేదు, వేరులో నత్రజని పడుతుంది, ఆకు రాలుతుంది. జామాయిలు అంత మంచిది కాదు. కానీ బాబూ, మొద్దులు పీకించడానికి జేసీబీకి ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కో. ఆ ఖర్చుకు భయపడి మళ్లీ మళ్లీ అదే వేసేవాళ్లను చూశా. పైగా నీ పొలంలో ఏడాదికి నూరు రోజులు పని దొరికే నలుగురు ఇప్పుడు ఊళ్లో లేరు, రేపు నువ్వు సేద్యం చేద్దామన్నా దొరకరు.

కొండపి_కుర్రాడు
రెండు వారాలైంది, ఏం చేశానో చెప్తా. ఇప్పుడున్న కౌలుదారుతో కూర్చున్నా. ఆయన పేరు ఎందుకులే, నాన్నకంటే పెద్దాయన. ఐదేళ్లు మీకే, కౌలు పెంచం, ఎరువు ఖర్చు చెరి సగం అని చెప్పా. మొదట నమ్మలేదు. "మీ నాన్నను కూడా అనమను" అన్నారు. నాన్న అన్నారు. రైతు సేవా కేంద్రానికి వెళ్లి కౌలు కార్డుకు సంతకం కూడా పెట్టాం. ఎప్పటిలాగే ఏటా కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలు మాత్రం మా ఖాతాలోనే పడుతున్నాయి, భూమి పేరున్నవాళ్లకే కదా ఇచ్చేది. అవి కౌల్లో తగ్గించుకోమన్నా.

ఈ ఏడాది పొగాకు రెండెకరాలే, మిగతా రెండింట్లో తొలకరికి పిల్లిపెసర, తర్వాత శనగ. పశువుల ఎరువు రేటు విని గుండె ఆగింది. పెదనాన్న గొర్రెల మంద కట్టించమంటున్నాడు, రాత్రిళ్లు పొలంలో పడుకోబెడితే వాటి పెంటే ఎరువట. ఆయన పొలం రహస్యం కూడా అదేనట, రెండేళ్లకోసారి వేసవిలో మంద పెట్టిస్తాడట, ముందే చెప్పొచ్చు కదా! అడిగితే "నువ్వు మట్టి గురించి అడిగావు, గొర్రెల గురించి అడగలేదు" అంటాడు. మందలవాళ్లు ఎంత తీసుకుంటారు, ఎవరికైనా తెలుసా?

సంఘం_అక్క
పోయిన వేసవిలో మాకు నాలుగొందల గొర్రెలకు రాత్రికి పదిహేను వందలు, పైన బియ్యం, రాత్రి భోజనం. ఎకరానికి మూడు నాలుగు రాత్రులు చాలు, చోటు మారుస్తూ పడుకోబెట్టమను. తెల్లారగానే ఎండకముందు పైపైన దున్నించు, లేకపోతే సగం బలం గాలికి పోతుంది. పామూరు, ఉదయగిరి మందలు కోతలయ్యాక కిందికి దిగుతాయి, ఇప్పుడే చెప్పి ఉంచుకో. ఈ మధ్య వాళ్ల పిల్లలు కూడా గొర్రెలు వదిలి బెంగళూరు పోతున్నారు, మందలు తగ్గిపోయాయి.

రేగడి_మామ
నెల్లూరు జోడిపి రకం గొర్రెల మందైతే మంచిది, నడక గట్టిగా ఉంటుంది, ఎంత దూరమైనా వస్తాయి. మేకలు కూడా కలిసి ఉన్నాయేమో ముందే అడుగు. ఉంటే గట్టు మీద మీ పెదనాన్న మునగ మొక్కలకు కంప కట్టించు, లేకపోతే మట్టి బాగుపడి మీ ఇద్దరి మధ్యా మాటలు పోతాయి.

కొండపి_కుర్రాడు
ఆ మునగ ఆయన ప్రాణం మామా. కంప రేపే కొట్టిస్తా.